పేర్లు లేని రిజిస్టరు

ఫిబ్రవరి 3, సోమవారం

సంఘం రిజిస్టరులో ఒక్క పేరు లేదు.

ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లో సేవ చేసిన ఏసన్నగారు ఆరు లావుపాటి పుస్తకాలు వదిలి ఆదోనికి, కొడుకు ఇంటికి వెళ్లిపోయారు. మోకాళ్లు పనిచేయడం లేదట. ఆరు పుస్తకాలూ తిరగేశాను. ప్రతి ఆదివారానికీ ఒక తేదీ, ఎదురుగా ఒక అంకె. వచ్చినవారు 41. వచ్చినవారు 38. సుగ్గి కాలం, వచ్చినవారు 9. అంతే. ఎవరు వచ్చారు, ఎవరు మారారు, ఎవరు బాప్తిస్మం పొందారు, ఏమీ లేదు.

పొద్దున ఆదోని బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తిని ఆటో ఎక్కాను. పెద్దకడుబూరు దాటాక రోడ్డుకు రెండు వైపులా ఏరేసిన పత్తిచేలు, ఎండిన కట్టె. దిగగానే సంఘ పెద్ద గిడ్డయ్య నా పెట్టె అందుకున్నాడు. అరవై దాటినవాడు. వద్దన్నా వినలేదు. మందిరం ఒకే గది, పైన రేకులు, పక్కనే నాకు చిన్న గది. కొయ్య స్తంభానికి హారన్ మైకు. రోజూ ఉదయం ఐదింటికి మైకులో ప్రార్థన చేయాలి. భోజనం ఇంటికొక పూట, వంతుల ప్రకారం.

"పేర్లెందుకు రాయలేదు?" అని గిడ్డయ్యను అడిగాను.

"దేవునికి తెల్దా అయ్యగారూ మా పేర్లు?"

"తెలుసు. కానీ పుస్తకంలో ఉండాలి కదా."

"పుస్తకం దేవుడు సదవడు. వేరేవోళ్లు సదువుతారు."

తర్వాత విషయం చెప్పాడు. ఈ కాలనీ వాళ్లందరికీ ఎస్సీ సర్టిఫికెట్లు ఉన్నాయి. క్రైస్తవులని తేలితే అవి పోతాయి. అందుకని జీవితమంతా మందిరానికి వస్తారు, పిల్లల చదువో ఉద్యోగమో అయ్యాకే నీళ్లలో దిగుతారు. "నేను యాభై ఏండ్లకు మునిగినా. నా కొడుకు సదువు అయిపోయినంక" అన్నాడు, సిగ్గులేకుండా. తెల్లవారుజాము ప్రార్థనలోనూ ఏసన్నగారు పేర్లు ఎత్తేవారు కాదట. 'ఒక ఇంటి బిడ్డకు జ్వరం, ప్రభువా' అంటే ఎవరికి వాళ్లకు అర్థమయ్యేదట.

బయలుదేరేటప్పుడు మా బైబిలు కాలేజీ ప్రిన్సిపాల్‌గారు భుజం తట్టి, "ఒక్క పేరైనా తీసుకురా సంతోష్. వారం నివేదికల్లో మంచిదాన్ని అసెంబ్లీలో చదివిస్తాను" అన్నారు. అంకెలను ఎవరు చదువుతారు?

కొత్త మాటలు: రొంత (కొంచెం). బిరీన (త్వరగా). సుగ్గి (ఇక్కడ పని లేనప్పుడు ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకోతకు పోవడం). ఈ మూడోది గుంటూరు పక్కన మా ప్రత్తిపాడులో ఎన్నడూ వినలేదు. మా పొలాలకు ఏటా వచ్చేవాళ్లను మేము కర్నూలోళ్లు అనే అనేవాళ్లం. టార్పాలిన్ పట్టాల కింద పడుకునేవారు. వాళ్ల పిల్ల ఒకతె మా కుళాయి దగ్గరకు చెంబుతో వస్తే అమ్మ అదిలించేది. వాళ్లు చేసే ఆ ప్రయాణానికి ఇంత చక్కని పేరుందని తెలియదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

మొదటి ప్రార్థన. గిడ్డయ్య చెప్పినట్టే పేర్లు లేకుండా చేశాను. చప్పగా వచ్చింది. పేరు లేని ప్రార్థన చిరునామా లేని ఉత్తరంలా ఉంటుంది. (ఈ వాక్యం నివేదికలో పెట్టవచ్చు.)

చలిలో వచ్చినవాళ్లు ఏడుగురు. వాళ్లలో గిడ్డయ్య కోడలు అరుణ పాట పాడింది. నేను కళ్లు మూసుకోవడం మరచిపోయాను. ఇరవై ఐదేళ్లు ఉంటాయేమో. పుస్తకం చూడకుండా తొమ్మిది చరణాలు పాడింది. నాలుగేళ్ల కూతురు ఆమె ఒళ్లో నిద్రపోతోంది. పాప పేరు కీర్తన. ఎంత బాగుంది!

ప్రార్థన అయ్యాక ఉచ్చీరప్ప వచ్చాడు. కాలనీ చివరి ఇల్లు. గుడికీ పోతాడు, మన దగ్గరకూ వస్తాడు. గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, "పాస్టరప్పా, ఏం మాటలప్పా అవి! ఏసన్న ఇరవై ఏండ్లు గొణిగినాడు. నువ్వు ఒక్కనాడు మాట్లాడినావు. మా ముసలామెకు ఇనబడలేదు, రేపటినుంచి ఫోన్లో పట్టుకుంటావా? నాకు పంపు" అన్నాడు.

వారం తిరగకముందే నా మాట కోసం ఆకలిగొన్న ఒక మనిషి. దేవునికి స్తోత్రం.

కొత్త మాట: యాష్ట. అలసట కాదు, విసుగూ కాదు, రెండూ కలిసినది.

ఫిబ్రవరి 5, బుధవారం

ఈ రోజు వివరంగా రాయాలి.

మధ్యాహ్నం గిడ్డయ్య ఇంటి ముందు కూర్చున్నాను. అరుణ శెనక్కాయలు ఒలుస్తోంది. చేయి కడుక్కుని లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఆమె పదో తరగతి మార్కులు, కులం సర్టిఫికెట్, ఆధార్. "సదువుకున్నోడివి, తప్పులేమన్నా ఉంటే సూడు అయ్యగారూ" అంది. ఈ ఊరి అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం ఎస్సీలకు వచ్చిందట. జాబితాలో మొదటి పేరు అరుణది. శుక్రవారం ఆదోనిలో కాగితాలు చూస్తారు. రెండో పేరు ఉచ్చీరప్ప భార్య తాయమ్మది.

అరుణ భర్త విజయ్ సుగ్గికి పోకుండా ఆగాడు. మిగతావాళ్ల బండ్లు సంక్రాంతికి ముందే వెళ్లిపోయాయి. ఉద్యోగం వస్తే ఇక ఎవరూ ఎప్పుడూ పోనక్కరలేదు.

"పోయినేడు మిరప ఘాటుకు దీని కండ్లు వాసినాయి" అంది అరుణ, పాపను చూపిస్తూ. "వారం తెరవలేదు. సేను కాడ ఆస్పత్రి యాడిది? తడిగుడ్డ కట్టి గట్టు మీద కూకోబెట్టి నేను కాయ తెంపినా. అమ్మా తెల్లారిందా, అమ్మా తెల్లారిందా అని అడుగుతాండె, మిట్టమద్దేనం."

కాగితాల్లో తప్పులు లేవని చెప్పాను. తర్వాత నేను అడగవలసింది అడిగాను.

"నువ్వు విశ్వసించావా, లేదా?"

"ఇశ్వాసం లేకుంటే ఇంత సలిలో ఐదుకు లేసొస్తానా?"

"మరి బాప్తిస్మం?"

"ఆర్డరు సేతికి రానీ. అత్తామామా మునిగినట్టే నేనూ మునుగుతా. యేసయ్యకు తొందర లేదు అయ్యగారూ, నీకే ఉండాది." నవ్వబోయి ఆగిపోయింది. "పదినాళ్లు నోరు మూసుకుంటే సాలు. ఊర్లో నా మాట ఎత్తొద్దు."

"ఏ మనిషికీ చెప్పను" అన్నాను.

"నీ మాట మీద ఉంటా."

ఏ మనిషికీ. జాగ్రత్తగా ఎన్నుకుని అన్న మాట అది. ఎన్నుకున్నానో, దానంతట అదే వచ్చిందో. మాటలు ఒక్కోసారి మనకన్నా ముందు నడుస్తాయి.

సాయంత్రం రిజిస్టరు తెరిచాను. కొత్త పేజీ. పైన ఎర్ర సిరాతో 'విశ్వాసులు' అని రాశాను. కింద ఒకటో అంకె వేసి, అరుణ, గిడ్డయ్య కోడలు, అని రాశాను. అక్షరాలు చాలా బాగా కుదిరాయి.

ఫిబ్రవరి 6, గురువారం

ఈ ఉదయం ప్రార్థన నాది కాదు, నాలోనుంచి వచ్చింది. ముందే రాసుకున్నది కాదు. (రెండు ముక్కలు మాత్రం రాసుకున్నాను.)

మరచిపోకముందే రాసిపెడుతున్నాను: "ప్రభువా, మా సహోదరి అరుణను బట్టి నీకు స్తోత్రం. లోకం ఇచ్చే కాగితంలో ఆమె పేరు ఒకలా ఉన్నా, ఆమె హృదయం నీది. రేపు ఆదోనిలో అధికారుల ముందు నిలబడే నీ బిడ్డను నీ రెక్కల చాటున దాచు."

దాచు అనే మాట దగ్గర నా గొంతు వణికింది. హారన్‌లో ఆ వణుకు కూడా వినబడి ఉంటుంది. గిడ్డయ్య వంటింట్లో ఏదో కింద పడిన చప్పుడు.

నేను ఊరికి చెప్పలేదు. దేవునికి చెప్పాను. ఆమె మేలు కోసం చెప్పాను.

ఆమేన్ అనగానే విజయ్ లోపలికి వచ్చి మైకు వైరు పీకేశాడు. నా మొహం చూడలేదు. చేతిలో వైరు పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ దాని చోట దాన్ని పెట్టి వెళ్లిపోయాడు. ప్రార్థనకు వచ్చిన ఆరుగురూ అంతకుముందే లేచి వెళ్లారు. అరుణ ఈ రోజు రాలేదు.

మధ్యాహ్నం ఏసన్నగారు ఆదోనినుంచి ఫోన్ చేశారు. ఎవరు చెప్పారో. "పేరెత్తినావా నాయనా?" అన్నారు. ఎత్తానన్నాను, ఎందుకో వివరించబోయాను. ఫోన్ పెట్టేశారు. పెద్దవాళ్లకు కొత్తవాళ్ల సేవ చూస్తే ఒక్కోసారి ఇలా ఉంటుంది.

ఒక్క ఉచ్చీరప్ప మాత్రం వచ్చాడు. "ఈ పొద్దుటిది పట్టినావా పాస్టరప్పా? బిరీన పంపు. మా ముసలామె ఏడుస్తాది ఇంటే." పంపాను. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. నేనూ రెండుసార్లు విన్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

అరుణ, విజయ్ మొదటి బస్సుకే ఆదోని వెళ్లారు. పాపకు కొత్త గౌను వేసి తీసుకువెళ్లారు.

సాయంత్రం నాలుగు. తిరిగి వచ్చారు. కాగితాలు చూసే గదిలో ఎవరో ఫోన్లో నా ప్రార్థన వినిపించారట. విజయ్ గడప బయటనే నిలబడి చెప్పాడు: "నీ గొంతే అయ్యగారూ. బాగా స్పష్టంగా ఉండాది." రేపు విచారణకు వీఆర్వో వస్తాడట.

ఎవరు వినిపించారో నాకు తెలియదు.

ఉచ్చీరప్ప పొద్దుటినుంచీ ఊళ్లో లేడు. ఆదోని మార్కెట్‌కు పత్తి వేసుకుని పోయాడట.

ఎవరు వినిపించారో నాకు తెలియదు.

ఫిబ్రవరి 8, శనివారం

సత్యం కోసం నిలబడిన రోజు. వరుసగా రాస్తాను.

వీఆర్వో వచ్చేలోపే గిడ్డయ్య వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "ఒక్క మాట అయ్యగారూ. నా కోడలు మునగలేదు. అది అబద్దం కాదు. అది మటుకు సెప్పు. ఇంగేం సెప్పొద్దు" అన్నాడు. నా పాదాల వైపు వంగబోయాడు. వెనక్కి జరిగాను. సంఘ పెద్ద ఇలా దిగజారడం నాకు బాధ కలిగించింది.

పదకొండుకు వీఆర్వో మోటార్ సైకిల్ మీద వచ్చాడు. లావుగా, ఎండకు చెమటలు కక్కుతూ. మందిరం బెంచీ మీద కూర్చుని మంచినీళ్లు తాగాడు. రిజిస్టరు అడిగాడు. ఆరు పుస్తకాలూ చూసి నవ్వాడు. "ఏసన్న మాంచి పనోడప్పా" అన్నాడు. నా పేజీ వచ్చేసరికి నవ్వు ఆగింది. ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు.

బయట కాలనీలో మిగిలినవాళ్లంతా ఉన్నారు. ముందు వరసలో ఉచ్చీరప్ప, పక్కన తాయమ్మ. అరుణ గోడకు ఆనుకుని పాపను చంకన వేసుకుని నిలబడింది.

వీఆర్వో నాకు ఒక తెల్లకాగితం ఇచ్చి గొంతు తగ్గించాడు. "సూడప్పా. నువ్వు మొన్న వచ్చినోడివి. ఈ యమ్మ మీ సంఘంలో మునిగిందా, లేదా? లేదంటే లేదని రాయి. ఒక్క లైను. పుస్తకంలో రాసింది తెలీక రాసినానను. మైకులోది దేవుని మాట, దానికి సాచ్చెం ఏముంది? నేను పైకి పంపిస్తా, పని అయిపోతాది. ఈ పిల్ల మార్కులు నేను సూసినా."

ఒక్క లైను. 'లేదు' అని రెండక్షరాలు. అది అబద్ధం కాదని నాకూ తెలుసు. కానీ ఆ రెండక్షరాల వెనక ఎంత పెద్ద నిజం దాక్కుంటుంది! తెల్లకాగితం నా ముందు ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. ఇంతమంది నేను రాసే మాట కోసం ఎదురు చూడడం నా జీవితంలో మొదటిసారి.

పేజీన్నర రాశాను. కాపీ ఉంచుకోనివ్వలేదు, గుర్తున్న వాక్యం ఇది: "ఈమె ఇంకా నీటిలో మునగలేదు గాని, ఈ ఊళ్లో ఈమెకంటె నిజమైన క్రైస్తవురాలిని నేను చూడలేదు."

ఒక్క మాట కూడా కొట్టివేయకుండా వచ్చింది.

వీఆర్వో చదివాడు. మళ్లీ చదివాడు. "ఇంకో కాయితం ఇస్తా, మళ్లా రాస్తావా?" అన్నాడు. వద్దన్నాను. "సంతకం పెట్టు అట్లయితే" అన్నాడు. తేదీ కూడా వేశాను. బండెక్కేటప్పుడు అరుణ వైపు చూడకుండా, "సర్టిఫికెట్టు కూడా రద్దయితాదమ్మా. పాపకు గూడా రాదు ఇంగ" అన్నాడు.

"శభాష్ పాస్టరప్పా. మొగోడివి. నిజం పలికినావు" అన్నాడు ఉచ్చీరప్ప అందరి ముందూ. తాయమ్మ తల వంచుకుంది. వినయం గల మనిషి.

అందరూ పోయాక అరుణ గడప దగ్గరకు వచ్చింది.

"సంతోషూ."

అయ్యగారూ అనలేదు. అక్కలా పేరు పెట్టి పిలిచింది. ఆ చనువు నాకు నచ్చింది.

"నేను మంచిదాన్నని రాసినావంట?"

"అవును. అంతకంటే గొప్పగా రాశాను."

"ఎవురడిగినారు నిన్ను?"

ఆమె లోపలికి వచ్చి రిజిస్టరు తెరిచింది. ఎర్ర సిరా పేజీ. చింపుతుందేమో అనుకున్నాను. వేలితో తన పేరు మీద ఒకసారి రుద్దింది, చెరిగిపోతుందేమో అన్నట్టు. చెరగలేదు. మంచి సిరా అది.

"నీ అచ్చరాలు బాగుంటాయి" అని పోయింది.

ఇవాళ కొత్త మాటలు రాసుకోలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆరాధన. నిజాయితీ మీద నలభై నిమిషాలు చెప్పాను. వచ్చినవారు 3. ఉచ్చీరప్ప, అతని తల్లి, తాయమ్మ. ముసలామెకు అసలు చెవులు వినబడవట, పుట్టినప్పటినుంచీ. ఈ సంగతి తాయమ్మ చెప్పింది.

పేర్లు రాస్తానంటే ఉచ్చీరప్ప రిజిస్టరు మూసేసి నవ్వాడు. "మావి ఏంటికి పాస్టరప్పా? మాకు సర్టిఫికెట్టు పనుండాది."

మధ్యాహ్నం గిడ్డయ్య ఇంటి వంతు. రారనుకున్నాను. గిడ్డయ్య భార్య మరియమ్మ గిన్నె తెచ్చింది. జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి. పెట్టి ఎదురుగా కూర్చుంది.

"తిను. మా వంతు. అయ్యగారిని పస్తు పెట్టినారని మా ఇంటి మీద మాట రాకూడదు."

తిన్నాను. తినేంతసేపూ నా నోటి వైపే చూసింది.

"రొట్టె బాగుండాదా?"

"చాలా బాగుందమ్మా."

"నా కోడలు సేసింది." గిన్నె తీసుకుంది. "రేపు తెల్లార్తో పోతాండాం. ఐదుగురం. ఐదున్నరకు బండి. ఆలీసెంగా పోతే మంచి సేండ్లు దొరకవు, అయినా పోతాండాం. నీకు ఇంగ వంతు యాడనుంచి వస్తాదో సూసుకో."

ఐదుగురా? గిడ్డయ్య, మరియమ్మ కూడానా అని అడిగాను. ఇద్దరి కూలితో పాపకు మందులకు కూడా చాలదు అంది.

అప్పుడు నాకు తోచింది. ఇంతకాలం ఎందుకు తట్టలేదో! మా మేనమామకు ప్రత్తిపాడులో ఇరవై ఎకరాల మిరప. ఈ ఏడు కోతకు మనుషులు దొరకడం లేదని అమ్మ చెప్పింది. వెంటనే ఫోన్ చేశాను. ఐదుగురినీ తీసుకుంటాడట. చిన్నపిల్ల ఉంటే పని సాగదని సణిగాడు గాని నా మాట కోసం ఒప్పుకున్నాడు. కుళాయి ఇంటివాళ్లది, నీళ్లు బోరు దగ్గరే పట్టుకోవాలని ముందే చెప్పమన్నాడు.

పరుగున వెళ్లి చెప్పాను. విజయ్ పట్టాలు మడుస్తున్నాడు. గిడ్డయ్య మూట కడుతున్నాడు. అరుణ పాప కళ్లకు కట్టడానికి పాత చీర ముక్కలు చింపి వరుసగా పెడుతోంది. ప్లాస్టిక్ కవరులోని కాగితాలు పొయ్యి పక్కన ఉన్నాయి. నేను చెప్పింది విని అరుణ నవ్వింది. గట్టిగా, ఆగకుండా నవ్వింది. ఈ వారంలో ఆమె మనసారా నవ్వడం ఇదే మొదటిసారి. మరియమ్మ వెళ్లి ఆమె నోటి మీద చేయి పెట్టింది.

అన్నీ కలిసి మేలు కోసమే జరుగుతాయి. కర్నూలోళ్లు అనుకున్నవాళ్లను ఇప్పుడు పేరు పేరునా ఎరుగుదును. మా పొలానికే వెళ్తున్నారు. దీన్ని మించిన ముగింపు ఏ నివేదికకు ఉంటుంది? ప్రిన్సిపాల్‌గారికి పంపాను. రెండు చేతులు జోడించిన బొమ్మ, కింద 'అసెంబ్లీలో చదివిస్తాను' అని వచ్చింది.

భోజనం వంతు గురించి దిగులు తీరింది. వాళ్లు తిరిగి వచ్చేదాకా ఆ వంతు కూడా తామే ఇస్తామని ఉచ్చీరప్ప అన్నాడు.

రేపు: నాలుగున్నరకు లేవాలి. తాయమ్మ ఇంటికి వెళ్లి గొంతుకు వేడినీళ్లు అడగాలి. విజయ్ పీకిన వైరు వదులుగా ఉంది, బిగించాలి. ఐదింటికి మైకులో వాళ్ల ప్రయాణం కోసం ప్రార్థన. ఐదు పేర్లూ ఒక చీటీ మీద వరుసగా రాసుకున్నాను, కీర్తన పేరు చివర. తడబడకూడదు. బండి ఊరు దాటేలోపు అందరి పేర్లూ వినబడాలి.